పెదబండ నిద్రపోయిన ఏడేళ్లు

పెదబండని నిద్రపుచ్చవచ్చునన్న ఆలోచన గరికిన పోలేశ్వరికి, చచ్చిపోయిందనుకున్న ఒక పగడపు ముక్కని చూశాక వచ్చింది.

ఆమెది అండమాన్ దీవుల్లో ఉత్తరపు కొసన ఉన్న చిన్న దీవి. తాతల నాడు భీమిలి అవతలి తీరం నుంచి ఓడెక్కి వచ్చిన జాలరి కుటుంబాలు నలభై దాకా అక్కడ పాదుకున్నాయి. ఊరికి ఎదురుగా, ఒడ్డుకి అరమైలు దూరంలో, నీళ్ల కింద మైలున్నర పొడవున పగడాల దిబ్బ ఉంది. దాన్నే ఊళ్లోవాళ్లు పెదబండ అంటారు. వాళ్లకి చేప దొరికేది అక్కడే. వానాకాలంలో పెద్ద కెరటం ఏదొచ్చినా ముందు దాని నెత్తిన విరిగి, ఊరి ఒడ్డుకి చేరేసరికి నురగగా మిగిలేది.

పోలేశ్వరి పగడాల మీద డాక్టరేటు చేసి, ఊరి చివరనే ఉన్న మూడు గదుల పరిశోధనా కేంద్రానికి అధికారిగా వచ్చింది. ఆ తర్వాత పదేళ్లలో పెదబండ మూడుసార్లు తెల్లబడింది. పగడం చూడటానికి రాయిలా ఉన్నా, అది సున్నపు గూడు కట్టుకుని బతికే ఆవగింజంత ప్రాణుల గుంపు. వాటి ఒంట్లో కాపురముండే నాచే వాటికి రంగు, అదే తిండి. నీళ్లు హద్దు మీరి కాగితే ఆ నాచుని బయటికి గెంటేస్తాయి. ఆనక తెల్లగా పాలిపోయి ఆకలికి చస్తాయి. మొదటిసారి తెల్లబడ్డాక పెదబండ నాలుగేళ్లలో కోలుకుంది. రెండోసారి సగమే కోలుకుంది. మూడోసారి ఇంకా తేరుకోకముందే మళ్లీ వేసవి ముంచుకొచ్చింది.

ఆ రోజుల్లోనే దీవి వెనక వైపు, ఎప్పుడో భూకంపానికి నీళ్లలోంచి పైకి లేచి ఎండిపోయిన పాత పగడపు గట్టు మీద ఆమెకి ఆ ముక్క కనిపించింది. నెలకి రెండుసార్లు పోటు నీళ్లు తగిలే నెర్రెలో, బూడిదరంగు పొర కప్పుకుని ఉంది. తెచ్చి తొట్టెలో వేసింది. పంతొమ్మిదో రోజున అది నోళ్లు తెరిచింది. అన్నేళ్లూ అది చావలేదు, నిద్రపోయింది. దాని జిగురులోంచి ఆ నిద్రని తెచ్చే పదార్థాన్ని వేరుచేసి, గాజు బుడ్డీల్లో తయారుచెయ్యడానికి పోలేశ్వరికి ఆరేళ్లు పట్టింది. ఊళ్లోవాళ్లు దానికి జోలమందు అని పేరు పెట్టారు.

ఆమె అన్న ఎల్లాజీ ఆ మందు పనిచెయ్యడం మొదటిసారి చూసింది ఒక మార్చి నెల మధ్యాహ్నం. చెల్లెలికి కానాగంత చేపల పులుసు పట్టుకొచ్చి, గిన్నె బల్ల మీద పెట్టి, ఆమె పక్కన నిలబడ్డాడు. రెండు తొట్టెలు, ఒక్కోదాంట్లో ఒక్కో పగడపు కొమ్మ. పోలేశ్వరి ఒకదాంట్లో పది చుక్కలు వేసింది. పసుపుపచ్చగా ఊగుతున్న నోళ్లు ఒక్కటొక్కటే ముడుచుకున్నాయి. అరగంటలో కొమ్మంతా పలచని బూడిద పొర కప్పుకుంది. తర్వాత రెండు తొట్టెల్లోనూ నీళ్లు ముప్పై నాలుగు డిగ్రీలకి పెంచింది.

నలభై రోజులకి ఎల్లాజీని మళ్లీ పిలిచింది. మందు వెయ్యని కొమ్మ తెల్లటి ఎముకైపోయింది. మందు వేసినదాన్ని చల్లటి నీళ్లలోకి మార్చి, లేపే మందు వేసింది. రెండు వారాలకల్లా అది మళ్లీ పసుపుపచ్చగా విచ్చుకుంది.

ఎల్లాజీ తొట్టె మీదికి వంగి దాన్ని చూశాడు.

“నిద్దరలో ఉన్నప్పుడు ఇదేటి సేస్తాది?” అని అడిగాడు.

“ఏమీ చెయ్యదు అన్నియ్యా. తినదు, పెరగదు, పిల్లల్ని పెట్టదు. అందుకే వేడికి చావదు.”

“మరి దాన్ని నమ్ముకున్నోలు?”

“ఎవరు?”

“సేపలు. బండ తినకుండా తొంగుంటే సేపేటి తింటాది? సేప నేకపోతే మావేటి తింటాం?”

పోలేశ్వరి ఆ ప్రశ్నకి ముందే సిద్ధమై ఉంది. “రెండేళ్లు. రెండు వేసవులు గడిస్తే నీళ్లు చల్లబడతాయి. అప్పుడు లేపేస్తాను. లేపకపోతే నన్నడుగు.”

ఊళ్లో వలలు కుట్టే పాకలో సమావేశం పెట్టారు. రెండేళ్లపాటు పెదబండ మీదికి పడవ వెళ్లకూడదు. వల వెయ్యకూడదు, లంగరు దించకూడదు. మగవాళ్లు గొణిగారు. అప్పుడు ఎల్లాజీ లేచి, “మా సెల్లి మాటకి నాను పూచీ” అన్నాడు. అతని భార్య కాసులమ్మ అంతకంటే పెద్ద పనే చేసింది. సమావేశానికి ముందు వారం రోజులు ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లని ఒప్పించింది. ఆమె తమ్ముడు లచ్చన్న ఊళ్లో అందరికంటే మంచి వలకాడు. అక్క చెప్పింది కాబట్టి సరేనన్నాడు. లచ్చన్న సరేనంటే మిగతావాళ్లూ సరేనన్నారు.

జనవరిలో సముద్రం చదునుగా ఉన్న నాలుగు రోజులు చూసుకుని, ఇరవై మూడు పడవల మీంచి గొట్టాలతో జోలమందు దించారు. కేంద్రంలో సహాయకురాలు రుక్సానా నీళ్ల కింది చప్పుళ్లు వినే పరికరాన్ని చెవులకి పెట్టుకుని కూర్చుంది. ఆమెది మలబారు నుంచి వచ్చిన కుటుంబమైనా ఈ ఊళ్లోనే పెరిగిన మనిషి, తెలుగు బాగా మాట్లాడేది. బతికున్న పగడపు దిబ్బ ఎప్పుడూ మూకుట్లో ఆవాలు వేగినట్టు చిటపటమంటూనే ఉంటుంది. అందులో రొయ్యల చప్పుడు, చేపలు గీకే చప్పుడు, అన్నీ కలిసి ఉంటాయి. మూడు వారాలకి ఆ చప్పుడు పలచబడింది. నెల తిరిగేసరికి ఆగిపోయింది. రుక్సానా పరికరం తీసి పోలేశ్వరికి ఇచ్చింది. పోలేశ్వరి విని తిరిగిచ్చేసింది.

ఆ వేసవి చుట్టుపక్కల దీవుల పగడాలన్నీ తెల్లబడ్డాయి. పెదబండ ఒక్కటే బూడిద దుప్పటి కప్పుకుని చెక్కుచెదరకుండా ఉంది. దేశదేశాల నుంచి ఫోన్లొచ్చాయి, పత్రికలవాళ్లొచ్చారు. పోలేశ్వరిని ఢిల్లీ పిలిచి శాలువా కప్పారు. మందు మాకూ కావాలని పధ్నాలుగు చోట్ల నుంచి అభ్యర్థనలొచ్చాయి.

రెండో వేసవి మొదటిదానికంటే వేడిగా వచ్చింది. ఇప్పుడు లేపితే చస్తుందని పోలేశ్వరి మరో ఏడాది అడిగింది. ఊరు ఇచ్చింది. మూడో ఏడు మళ్లీ అడిగింది. ఆ తర్వాత అడగడం మానేసి కాగితం పంపింది. ఎప్పుడు లేపాలో తేల్చే అధికారం పరిశోధనా కేంద్రం అధికారిదే, అంటే ఆమెదే.

చేపలు మొదటి ఏడాదిలోనే వెళ్లిపోయాయి. చిలకచేపలు, గొరకలు, చివరికి ముళ్లచేప కూడా. మగవాళ్లు చిన్న పడవలేసుకుని ఉత్తరంగా లోతు సముద్రంలోకి పోవడం మొదలుపెట్టారు. పోవడానికో రోజు, రావడానికో రోజు. ఆ పడవలు అంత దూరానికి చేసినవి కావు. చేపల గంపలెత్తిన ఆడవాళ్లు కొండ మీది తోటల్లో వక్కలు ఒలవడానికి కూలికెళ్లారు.

ఇంకొకటి కూడా జరిగింది. అది మాత్రం పోలేశ్వరి ముందుగా లెక్క కట్టనిది. నిద్రపోయే పగడం పెరగదు గానీ, దాన్ని తొలిచే పురుగులు నిద్రపోవు. పెదబండ నెత్తి ఏటా కొంచెం కొంచెం అరిగి కిందికి దిగింది. కెరటాలు దాని మీద విరగకుండా దాటి రావడం మొదలుపెట్టాయి. ఐదో ఏడు వానల్లో ఊళ్లో ముందు వరస ఇళ్లు పదకొండు కొట్టుకుపోయాయి. వాటిలో ఎల్లాజీ ఇల్లొకటి. అతను కొండవాలున రేకుల షెడ్డు వేసుకున్నాడు. చెల్లెల్ని పల్లెత్తు మాట అనలేదు. మునుపటిలాగే గిన్నెతో కూర తెచ్చేవాడు. అందులో ఇప్పుడు చేప ఉండేది కాదు.

అదే ఏడు, ఆ వానలకి మూడు నెలల ముందు, మార్చిలో లచ్చన్న పడవ తిరిగి రాలేదు. పడవలో నలుగురున్నారు. లచ్చన్న, గంగులమ్మ అనే ఆమె మొగుడూ కొడుకూ, తాతీలు అనే ముసలాయన ఒక్కగానొక్క కొడుకు నర్సింహులు. మధ్యాహ్నం వేళ ఉన్నట్టుండి గాలివాన లేచింది. తీరరక్షక దళం ఎనిమిదో రోజున పడవ బోర్లాపడి తేలుతుండగా చూసింది. మనుషులు దొరకలేదు. కాసులమ్మ ఆ రోజు నుంచి ఆడపడుచుతో మాట్లాడటం మానేసింది. దారిలో ఎదురైతే పక్కకి జరిగి దారిచ్చేది. పోలేశ్వరికి తిట్టినా బాగుండుననిపించేది.

ఏడో ఏడు డిసెంబరులో పోలేశ్వరి నీళ్లలోకి దిగి, ఎప్పటిలాగే పదిచోట్ల చిన్న చిన్న ముక్కలు గీకి తెచ్చింది. అప్పటికి ఆమెకి యాభై మూడేళ్లు. నిచ్చెన పట్టుకుని పడవెక్కడానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. సూక్ష్మదర్శిని కింద రుక్సానా ముందు చూసి, లేచి, కుర్చీ ఆమెకిచ్చింది.

నిద్రలో పగడం ఒంట్లో దాచుకున్న కొవ్వుని తింటూ బతుకుతుంది. మొదటి ఏడు ఆ కొవ్వు బొట్లు బొట్లుగా, కిక్కిరిసి కనిపించేది. ఇప్పుడు పదింటిలో ఏడు ముక్కల్లో ఒక్క బొట్టు కూడా లేదు.

“ఈ వేసవి దాటదు. నిద్రలోనే పోతుంది,” అంది పోలేశ్వరి. “లేపేద్దాం. ఈ నెల్లోనే.”

“నీళ్లు ఇంకా ముప్పై దగ్గరే ఉన్నాయి మేడమ్.”

“ఉండనీ. ఇంతకంటే చల్లబడేలా లేవు.”

రుక్సానా తెర మీదికి చూస్తూ కూర్చుంది. ఏడేళ్లుగా రోజూ మూడు పూటలా నీళ్ల వేడి కొలిచి రాసింది ఆమే. తల తిప్పకుండానే అంది. “మూడో ఏడు నవంబరులో ఇరవై తొమ్మిదిన్నర ఉండేది.”

ఆ సంగతి గదిలో ఉన్న ఇద్దరికీ నాలుగేళ్లుగా తెలుసు.

మూడో ఏడు నవంబరులో నీళ్లు చల్లబడ్డాయి. వచ్చే వేసవి కూడా మెత్తగానే ఉంటుందని వాతావరణ అంచనాలు చెప్పాయి. లేపే మందుకి కావలసిన అనుమతి కాగితం ఆమె బల్ల మీదికి వచ్చింది. ఆమె సంతకం ఒక్కటే మిగిలింది. ఇరవై తొమ్మిదికి దిగాకనే లేపాలని ఆమె తానే పెట్టుకున్న హద్దు ఒకటుంది. అరడిగ్రీ తేడా. ఆ అరడిగ్రీకి ఏమీ కాదని ఆమెకి తెలుసు. కానీ లేపాక మళ్లీ తెల్లబడితే? పత్రికలన్నీ బతికిందని రాసిన పగడం ఆమె చేతి మీదుగా చచ్చిందంటారు. నిద్రలో ఉన్నంతకాలం అది ఓడిపోలేదు, ఆమె కూడా ఓడిపోలేదు. కాగితాన్ని రెండు వారాలు బల్ల మీదే ఉంచుకుని, ‘నీళ్ల వేడి హద్దులోకి రాలేదు’ అని రాసి పంపేసింది. ఆ మరుసటి వేసవి అంచనాల ప్రకారమే మెత్తగా గడిచింది. ఆ తర్వాతి ఏడు మార్చిలో పడవ పోయింది.

“నువ్వప్పుడే నన్ను అడగాల్సింది రుక్సానా.”

“అడిగాను మేడమ్. ఒకసారి. మీరు చూద్దాం అన్నారు.”

పోలేశ్వరికి అది గుర్తు లేదు. గుర్తు లేనందుకు ఇంకా నీరసం వచ్చింది.

లేపే మందు దించడానికి ఈసారి తొమ్మిది పడవలే దొరికాయి. మిగతావి అమ్ముకున్నారు, లేదా ఒడ్డున బోర్లించి వదిలేశారు. హడావుడి లేదు, పత్రికలవాళ్లు లేరు. ఎల్లాజీ తన పడవలో చెల్లెల్ని కూర్చోబెట్టుకుని, గొట్టం తనే పట్టుకున్నాడు. ఆరు రోజులు పట్టింది. మందు అయిపోయిన రోజు అతను గొట్టం చుట్టచుట్టి, చేతులు కడుక్కుని, “ఇంక దాని ఇట్టం” అన్నాడు.

పదో రోజున దిగి చూసింది. అంతా బూడిదే. పదిహేనో రోజునా అంతే. ఇరవై రెండో రోజు పొద్దున్నే దిగినప్పుడు ఒక గుండ్రాయి పగడం మీద పొర అరచేయంత మేర చిరిగి ఉంది. లోపల ఆకుపచ్చని నోళ్లు సన్నగా కదులుతున్నాయి. పోలేశ్వరి అక్కడే నీళ్లలో వేలాడుతూ, గాలి డబ్బా ముల్లు ఎర్ర గీత మీదికి వచ్చేదాకా చూసింది.

నెల తిరిగేసరికి లెక్క తేలింది. పెద్ద పెద్ద గుండ్రాయి పగడాలు చాలామటుకు లేచాయి. కొమ్మల పగడాలు లేవలేదు. చిన్న చేప దాక్కునేదీ, కెరటాన్ని చీల్చేదీ కొమ్మల పగడమే. ముట్టుకుంటే పొర కింద గుల్లగా ఉండి, చేతిలో విరిగిపోయాయి.

పైకొచ్చి పడవలో కూలబడ్డాక ఎల్లాజీ ఆమెకి మంచినీళ్ల సీసా అందించాడు.

“ఎంతొరకూ లేసింది?”

“నూటికి ముప్పై ఒకటి.”

“అసలు నిద్దరే పుచ్చకపోతే?”

“ఆ రెండు వేసవుల్లోనే అంతా పోయేది.”

“అయితే ముప్పై ఒకటి మిగిలినట్టేగా. మంచిదేగా.”

ఆ మాట పట్టుకుని ఊరుకుంటే సరిపోయేది. చెల్లెలి కోసం అతను వెతికి పట్టుకున్న మాట అది. పోలేశ్వరి సీసా మూత బిగించింది.

“మూడో ఏడే లేపి ఉంటే డెబ్బై దాకా లేచేది అన్నియ్యా. లేపడానికి వీలుండేది కూడా. నీళ్లు చల్లగానే ఉన్నాయి. నాకు భయమేసి లేపలేదు.”

“మూడో ఏడా?”

“నవంబరు.”

ఎల్లాజీ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాల్సిన పని లేదు. ఇంజను ఆపేశాడు. పడవ కెరటాల మీద అటూ ఇటూ ఊగుతూ ఉండిపోయింది. దూరంగా ఒడ్డు మీద ముందు వరస ఇళ్ల పునాదులు కనిపిస్తున్నాయి.

“నా ఇల్లు పోతే పోనాది,” అన్నాడు. “దానికి నాకేటీ నేదు. లచ్చన్న సంగతి మాత్రం మీ వొదిన్తో నువ్వే సెప్పుకో. నాను సెప్పను.”

నివేదిక రాయడానికి పోలేశ్వరికి పన్నెండు రోజులు పట్టింది. మూడో ఏడు నవంబరు సంగతి అందులో దాచకుండా రాసింది. వేడి లెక్కలు, అంచనా, అనుమతి కాగితం, తను సంతకం పెట్టకపోవడం, ఎందుకు పెట్టలేదో కూడా. చెన్నైలో ఉండే పై అధికారి ముకుందన్ చదివి ఫోను చేశారు. ఆయన మంచివాడే. ఈమెకి ఉద్యోగం ఇచ్చింది ఆయనే.

“ఆ ఒక్క పేరా అవసరమంటావా పోలేశ్వరీ? పధ్నాలుగు చోట్ల మందు కోసం కాచుకుని ఉన్నారు. ముప్పై ఒకటి అంటే చిన్న సంగతి కాదు. ఆ పేరా ఉంటే వాళ్లు మందుని కాదు, నిన్ను చూస్తారు.”

“నన్ను చూడాలనే రాశాను సార్. నిద్రపుచ్చే పద్ధతి రాయడానికి నలభై పేజీలు పట్టింది. ఎప్పుడు లేపాలో, దాన్ని ఎవరు చెప్పాలో రాసింది అర పేజీ. అక్కడా ఒక్క మనిషి చేతిలోనే పెడితే, అక్కడా నాలాంటిదే ఒకతి ఉంటుంది.”

“నీ ఉద్యోగానికి నేను హామీ ఇవ్వలేను.”

“తెలుసు సార్.”

ఫోను పెట్టేశాక ఆమెకి తేలిగ్గా అనిపించలేదు. ఒళ్లంతా ఇసక మూట మోసినట్టుంది. అప్పటికి మధ్యాహ్నం మూడు. చెప్పులేసుకుని కొండవాలు ఎక్కింది.

కాసులమ్మ షెడ్డు ముందు నీడలో వక్కలు ఒలుస్తోంది. పనికి తోటకి వెళ్లలేని రోజుల్లో గోనెడు కాయలు ఇంటికి తెచ్చుకుంటుంది. ఆడపడుచుని చూసి కత్తి ఆపలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు. పోలేశ్వరి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలా అని దారంతా ఆలోచించింది గానీ, తీరా వచ్చాక ఉన్నదున్నట్టు చెప్పేసింది. నీళ్లు చల్లబడిన సంగతి, కాగితం, రెండు వారాలు, భయం.

“అప్పుడు లేపి ఉంటే ఏడాదిలో ఎంతో కొంత చేప వచ్చేది వదినా. వాళ్లు అంత దూరం వెళ్లేవాళ్లు కాదేమో. కచ్చితంగా అని చెప్పలేను. కానీ వెళ్లకుండా ఉండే వీలు నేను లేకుండా చేశాను.”

కత్తి ఆగింది. కాసులమ్మ చేతిలో ఉన్న వక్కని పూర్తిగా ఒలిచి, బుట్టలో వేసి, ఒడిలో పడ్డ తుక్కు దులుపుకుంది.

“ఇన్నాళ్లూ నీకెరికేనా ఇది?”

“తెలుసు.”

“ఆడి దినాలకొచ్చి నా పక్కన కూకున్నావు. అప్పుడూ ఎరికేనా?”

“అప్పుడూ తెలుసు.”

దాదాపు మూడేళ్ల తర్వాత వదిన తనతో అన్న మొదటి మాటలవి. కాసులమ్మ ఏడవలేదు. గొంతు పెంచలేదు. పని చేసి చేసి అలిసిపోయిన మనిషి మాట్లాడినట్టే మాట్లాడింది.

“నాను ఇల్లిల్లూ తిరిగి, మా మరదలు సెప్పిందని, మా మరదలు సదువుకున్నాదని అందర్నీ ఒప్పించినాను. ఆడు నా మాట మీద వలెత్తి పెట్టీసినాడు. ఇప్పుడు నువ్వొచ్చి నాకు సెప్పీసి నీ బరువు దించీసుకున్నావు. నానెక్కడ దించుకోవాల?”

పోలేశ్వరి నేల మీద పడ్డ వక్క తుక్కుని చేత్తో ఒకచోటికి పోగుచేసింది.

కాసులమ్మ లేచింది. మోకాళ్లు పట్టుకుని, గోడ ఆసరాతో లేచింది. గుమ్మం పక్కనున్న చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

“నెగు,” అంది. “ఆ పడవ మీద నలుగురున్నారు. నాకొక్కదానికి సెప్తే సరిపోద్దా? పద.”

వదిన ముందు, పోలేశ్వరి వెనక. మొదట లచ్చన్న భార్య ఆదెమ్మ ఇంటికి వెళ్లారు. ఆదెమ్మ గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది. విని, లోపలికెళ్లి తలుపు వేసుకుంది. తలుపు దబాలున వెయ్యలేదు, మెల్లగా దగ్గరికి వేసి గడియ పెట్టుకుంది. లోపల గడియ పడ్డ చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

గంగులమ్మ నీళ్లు పట్టుకుంటోంది. మొగుడూ కొడుకూ ఇద్దరూ పోయిన మనిషి. విన్నాక బిందె నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టలేదు. “నా కొడుకు ఆరోజు ఎల్లనన్నాడు,” అంది చివరికి, పోలేశ్వరితో కాదు, కాసులమ్మతో. “నానే పంపినాను. ఇంట్లో బియ్యం నేవని.” కాసులమ్మ వెళ్లి కుళాయి కట్టేసి, బిందె ఎత్తి గంగులమ్మ గుమ్మంలో పెట్టింది. ఆ తర్వాత మళ్లీ నడక మొదలుపెట్టింది.

మూడో ఇల్లు కొండవాలు చివర. నర్సింహులు తండ్రి తాతీలు అరుగు మీద కూర్చుని కాళ్లకి ఎండ తగలనిస్తున్నాడు. ఎనభై దాటిన మనిషి. పోలేశ్వరి చిన్నప్పుడు ఆమెని పెదబండ మీదికి తీసుకెళ్లి, పడవ అంచు మీంచి తల వంచి ఎలా చూడాలో నేర్పినవాడు. ఆమె ఆయన ముందు నిలబడి చెప్పింది. ఆయన నవ్వి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

“గట్టిగా సెప్పు,” అంది కాసులమ్మ వెనక నుంచి. “ఆయనకి ఇనపడదు.”

పోలేశ్వరి గొంతు పెంచి చెప్పింది. పక్కింట్లోంచి ఒకామె తల బయటికి పెట్టింది. ముసలాయన ఈసారీ తల అడ్డంగా ఊపాడు. ఆమె ఒక మెట్టెక్కి, వంగి, మళ్లీ మొదటి నుంచి, వీధి వీధంతా వినపడేలా అరిచి చెప్పింది. చదువుకునే రోజుల్లో వదిలేసిన యాస ఆ అరుపులో తిరిగొచ్చింది.

“బండని లేపడానికి అయ్యేది తాతా. మూడో ఏడే అయ్యేది. నానే లేపనేదు. భయమేసి లేపనేదు. లేపుంటే మీ నర్సింవులు అంత దూరం ఎల్లేవోడు కాడు.”

వాకిళ్లలోకి జనం వచ్చేశారు. తాతీలు చెవి దగ్గరి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. సముద్రం వైపు చూశాడు.

“ఇప్పుడు లేసినాదా?” అని అడిగాడు.

“మూడో వంతు లేచింది.”

“సేపొచ్చినాదా?”

“చిన్న చేప. ఇప్పుడిప్పుడే వస్తోంది.”

“మునపట్లాగా అవ్వాలంటే?”

“పదిహేనేళ్లు. నీళ్లు మళ్లీ కాగకపోతే.”

“కాగితే?”

పోలేశ్వరి అరుగు అంచు పట్టుకుంది. ముసలాయన ఆమె ముఖం వైపు చూసి, పక్కకి జరిగి, అరుగు మీద చోటిచ్చాడు.

“కూకో,” అన్నాడు. “కోపమొచ్చీదాకా కూకో. నాకు ఏదొచ్చినా నెమ్మదిగా వస్తాది.”

పోలేశ్వరి కూర్చుంది. కాసులమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చోలేదు. వీధిలోనే, ఎండలో, కొంగు నెత్తిన వేసుకుని నిలబడింది. జనం ఒక్కొక్కరే ఇళ్లలోకి వెళ్లిపోయాక కూడా ఆమె అక్కడే నిలబడి ఉంది.